ముందు నీలం, తర్వాత ఎరుపు

మైలపల్లి నూకరాజును పడవ మీంచి దింపుతుంటే విశాఖ చేపలరేవులో జనం చప్పట్లు కొట్టారు. నడిసముద్రంలో ఇనపకొక్కెం పొట్టలో దిగబడిన మనిషి ప్రాణాలతో ఒడ్డు చేరడం ఆ రేవులో అంతవరకూ ఎవరూ చూడలేదు. అతని ఒంటిమీద 'నిలకడ' చొక్కా ఉంది. ఆ చొక్కాను కనిపెట్టిన డాక్టర్ గొర్తి సోమయాజులు జనం వెనక నిలబడి, తడిసిన కళ్ళజోడు తీసి తన చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

గాయపడ్డవాడికి నిలకడ తొడిగి నీలం మీట వేస్తే, మెడపట్టీలోని మందు చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. చొక్కా చల్లబడుతుంది. కాసేపటికి మనిషి శీతాకాలపు కప్పలా అయిపోతాడు. గుండె ఎప్పుడో ఒకసారి కొట్టుకుంటుంది. నెత్తురు కారడం దాదాపు ఆగిపోతుంది. తీరం దగ్గరపడ్డాక మందు ఆపి, ఎరుపు మీట వేసి చొక్కాను వేడెక్కిస్తే, ఆసుపత్రి చేరేసరికి శరీరం ఆపరేషనుకు సిద్ధంగా ఉంటుంది. డాక్టరు దొరకని చోట మనిషికి కాస్త వ్యవధి దొరుకుతుంది. సోమయాజులు తన నడివయసంతా పోసి సంపాదించింది ఆ వ్యవధినే.

ఆపరేషను బాగానే జరిగింది. మర్నాడు నూకరాజు కళ్ళు తెరిచి భార్య పోలమ్మను గుర్తుపట్టాడు, నవ్వాడు. ఆమె మంచినీళ్ళ గ్లాసు అందిస్తే మాత్రం కుడిచేతి వేళ్ళు మూసుకోలేదు. గ్లాసు జారి పక్కమీద ఒలికిపోయింది. ఎడమ చెయ్యీ అంతంతమాత్రమే.

యంత్రంలో నమోదైన వివరాలు చూడగానే సోమయాజులుకు సంగతి తెలిసిపోయింది. మందు ఆపకుండానే వేడి పెట్టేశారు. ఒళ్ళు మేలుకుంది. మేలుకున్న ఒంటికి నెత్తురు అందించాల్సిన గుండె మాత్రం మందు మత్తులోనే ఉండిపోయింది. చేతుల్లోని నరాలు ఆకలితో చచ్చిపోయాయి.

ఆ రోజు మీటలు వేసినవాడు పడవ నడిపే సరంగు గరికిన దానయ్య. పోలమ్మకు సొంత తమ్ముడు. పదో తరగతి పాసయ్యాడు, రోజూ పేపరు చదివే అలవాటున్నవాడు. చొక్కాలు తయారుచేసే కంపెనీ విచారణకు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడ్డాడు.

"పుస్తకంలో ఉన్నట్టే సేసినానండి."

సోమయాజులు సూచనల పుస్తకం తీసి ఆ వాక్యాన్ని పైకి చదివాడు. "'ద్రవప్రవాహం నిలుపుదల చేయబడని పక్షంలో ఉష్ణ పునరుద్ధరణ ప్రారంభించబడరాదు.' స్పష్టంగానే ఉంది కదా దానయ్యా? మందు ఆపకుండా వేడి పెట్టకూడదని."

దానయ్య ఆ కాగితం వంక చాలాసేపు చూశాడు. "మీరిలాగ సెప్తే తెలస్తందండి. ఆ పొద్దు పడవ ఊగిపోతంది. మా బావ నెత్తురు నా కాళ్ళ కింద జారతంది. 'నిలుపుదల సేయబడని', 'ప్రారంభించబడరాదు' అని ఉంది. మందు ఆపకూడదు గావాల అనుకున్నాను. ఆపితే సచ్చిపోతాడేమో అనుకున్నాను."

విచారణ సంఘం 'వాడినవారి పొరపాటు' అని తేల్చింది. సోమయాజులు కూడా సంతకం పెట్టాడు. వాక్యంలో తప్పు లేదని అతను నిజంగానే నమ్మాడు.

ఆ తర్వాత దానయ్య సముద్రంలోకి వెళ్ళడం మానేశాడు. వలలు బాగుచేసే షెడ్డులో కూలికి కుదిరాడు. అక్క ఇల్లు రెండు వీధుల అవతలే అయినా ఆ గుమ్మం తొక్కలేదు. పోలమ్మ రెండుసార్లు కబురంపింది. మొగుడి చేతుల వంక చూసినప్పుడల్లా ఏడుపొచ్చి, మూడోసారి పంపలేకపోయింది.

పడవలవాళ్ళు ఒక్కొక్కరే చొక్కాలు తిరిగి ఇచ్చేస్తున్నారు. కంపెనీ నడిపే పద్మావతి ఒకరోజు సోమయాజులును పిలిచి, తన గదిలో కూర్చున్న ఒకావిడను పరిచయం చేసింది. యాభై ఏళ్ళ మనిషి, నేత చీర, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు.

"మెహరున్నీసా గారు. విజయవాడలో సంస్థ ఉంది. కంపెనీలు రాసేవాటికి ఎడిటింగ్ చేస్తారు, రాయడంలో, మాట్లాడటంలో సిబ్బందికి శిక్షణ ఇస్తారు. మన పుస్తకం చూడమన్నాను."

సోమయాజులు మర్యాదగానే నమస్కారం పెట్టాడు. "మా పుస్తకంలో అచ్చుతప్పులు లేవండీ. ఇద్దరు భాషా పండితులు చూశారు."

"చూశానండీ. ఒక్క అచ్చుతప్పు కూడా లేదు," అందావిడ. "వ్యాకరణం కూడా దోషం లేకుండా ఉంది. నాకు ఒక పడవా, ఒక బొమ్మా, మీ చొక్కా ఎన్నడూ ముట్టుకోని మనుషులు కొందరూ కావాలి. బాగా చదువుకున్నవాళ్ళయితే మరీ మంచిది."

"చదువుకున్నవాళ్ళెందుకు?"

"చదువు రానివాళ్ళని తెస్తే, వాళ్ళకి చదువు రాదు కాబట్టి అని మీరంటారు."

పద్మావతి నవ్వాపుకుంది. సోమయాజులుకు నవ్వు రాలేదు.

ఆదివారం ఉదయం రేవులో పడవ సిద్ధమైంది. ఉద్యోగుల ఇళ్ళలోంచి మనుషులు వచ్చారు. కాలేజీ లెక్చరరు ఒకాయన, పళ్ళ డాక్టరు ఒకాయన, ఒక లాయరు. సోమయాజులు భార్య సుభద్ర కూడా వచ్చింది. ఆమె బ్యాంకు మేనేజరు. రోజూ రిజర్వుబ్యాంకు ఉత్తర్వులు నమిలి మింగే మనిషి. 'మా ఆవిడ సరిగ్గా చేసి చూపిస్తుంది, ఈ తంతు ముగుస్తుంది' అనుకున్నాడతను.

పడవ రేవు దాటి అలల్లోకి వెళ్ళింది. మెహరున్నీసా ఇంజను మోత తగ్గించనివ్వలేదు. చొక్కా తొడిగిన రబ్బరు బొమ్మ పక్కన సుభద్రను కూర్చోబెట్టి, పుస్తకం చేతికిచ్చింది. "ఇతను మీ తమ్ముడనుకోండి. ఒడ్డు కనిపిస్తోంది. నిద్ర లేపండి."

సుభద్ర ఒక చేత్తో పడవ అంచు పట్టుకుని చదివింది. పేజీ వెనక్కి తిప్పింది, మళ్ళీ ముందుకు తిప్పింది. పెదవులు కదులుతున్నాయి. 'చేయబడని పక్షంలో' దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టింది. ఒక అల వచ్చి పడవను కుదిపింది. నుదురు చిట్లించి, ధైర్యం చేసి ఎరుపు మీట వేసింది. నీలం మీట వేసినది వేసినట్టే ఉంది.

బొమ్మకు తగిలించిన తెర మీద గుండె గీత అలాగే నిద్రపోతోంది. చేతుల గీతలు రెండూ పైకి లేచి, రెపరెపలాడి, పడిపోయాయి.

"ఏమండీ, లేస్తున్నాడు కదూ?" అని సుభద్ర భర్త వైపు ఆశగా చూసింది.

సోమయాజులు తెర వంక చూస్తూ ఉండిపోయాడు. ఆమెకు అర్థమైంది. పుస్తకం ఒళ్ళోంచి జారిపోయింది.

లెక్చరరు గారూ అదే తప్పు చేశారు. పళ్ళ డాక్టరు సరిగ్గా చేశాడు గానీ, అదృష్టం కొద్దీ చేశానని తనే ఒప్పుకున్నాడు. లాయరు వాక్యాన్ని చక్కగా విడమరిచి అర్థం చెప్పాడు. ఆయన చెప్పి ముగించేసరికి బొమ్మకు కాలం మించిపోయింది.

ఆ మధ్యాహ్నం సుభద్ర అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతోంది.

"అది బొమ్మే కదా సుభద్రా," అన్నాడు సోమయాజులు.

"నాకు బొమ్మ. ఆయనకి బావ." ఆమె కంచం పక్కకు నెట్టింది. "ఆ దానయ్యని నిలబెట్టి అడిగారట కదా, స్పష్టంగానే ఉంది కదా అని. నన్నలా అడిగితే నేనేం చెప్పేదాన్నండీ? నాకు తెలుగు రాదనేవారా?"

సోమయాజులు మర్నాడు మెహరున్నీసా గదికి వెళ్ళి, "ఎక్కడ మొదలుపెడదాం?" అని అడిగాడు.

అది అనుకున్నంత తేలిక కాలేదు. అతను ఆ వాక్యాన్ని తిరగరాసి తెచ్చాడు. 'ద్రవప్రవాహాన్ని ఆపిన తర్వాత మాత్రమే ఉష్ణ ప్రక్రియను ప్రారంభించవలెను.' ఎంతో సరళంగా రాశాననుకున్నాడు.

"ద్రవమంటే ఏమిటండీ?"

"మందు."

"మరి మందు అనే రాయొచ్చుగా. మందు దేనితో ఆపాలి?"

"నీలం మీటతో."

"చెయ్యి దేనిమీద వెయ్యాలో చెప్పలేదు మీరు. చేసేవాడికి ముందుగా కావలసింది అదే."

రోజులు ఇలాగే గడిచాయి. ఇంజనీర్లు, మార్కెటింగువాళ్ళు, ఫోన్లు ఎత్తేవాళ్ళు, అందరూ ఆవిడ క్లాసులో కూర్చున్నారు. ఒకరు చెప్పింది ఇంకొకరు చెయ్యాలి, చెప్పినవాడు చేతులు కట్టుకుని చూడాలి. తాను రాసింది పక్కవాడు మరోలా చేస్తుంటే నోరు మూసుకుని చూడటం ఎంత కష్టమో అక్కడ తెలిసింది. రేడియోలో ఎలా మాట్లాడాలో కూడా నేర్పించిందావిడ. ఒకసారికి ఒకే పని చెప్పాలి. విన్నవాడి చేత తిరిగి చెప్పించుకోవాలి. 'అర్థమైందా' అని అడక్కూడదు. అర్థం కానివాడు కూడా అయిందనే అంటాడు.

ఒకరోజు ఎడిటింగ్ మధ్యలో ఆవిడ ఆగింది. "'ముందు నీలం మీట ఆపండి. మందు ఆగాక ఎరుపు మీట వెయ్యండి.' బాగుంది. మందు ఆగిందని వాళ్ళకెలా తెలుస్తుంది?"

"మీట ఆపితే పట్టీలో పీడనం..." అంటూ మొదలుపెట్టిన సోమయాజులు సగంలో ఆగిపోయాడు. ప్రయోగశాలలో దానికి మీటరు ఉంది. పడవలో ఏమీ లేదు. ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్న తనకు తట్టలేదు, ఎవరూ అడగలేదు. "తెలియదండీ," అన్నాడు నెమ్మదిగా. "తెలిసే దారి నేను పెట్టలేదు."

వెంటనే ఇంజనీర్లను పిలిపించాడు. మెడపట్టీ మీద చిన్న దీపం పెట్టారు. మందు దిగుతున్నంతసేపు వెలుగుతుంది, ఆగాక ఆరిపోతుంది. పుస్తకం పోయి, తడవని అట్ట ఒకటి వచ్చింది. పెద్ద అక్షరాలు, కొద్ది మాటలు. 'ముందు నీలం మీట ఆపండి. దీపం ఆరేదాకా ఆగండి. ఆరాక ఎరుపు మీట వెయ్యండి. దీపం ఆరకపోతే ఏమీ చెయ్యకండి, మమ్మల్ని రేడియోలో పిలవండి.' పద్మావతి దాన్ని చదివి నిట్టూర్చింది. "యంత్రానికి ఏళ్ళు పెట్టాం. మాటలకి వారం కూడా పెట్టలేదు."

నూకరాజు కుటుంబానికి కంపెనీ వకీళ్ళు ఒక ప్రకటన తయారుచేసి ఉంచారు. 'జరిగిన సంఘటన పట్ల విచారం వ్యక్తం చేయడమైనది.' మెహరున్నీసా అది చదివి సోమయాజులుకు తిరిగి ఇచ్చింది.

"విచారపడింది ఎవరు? చేసింది ఎవరు? ఇందులో మనుషులే లేరండీ."

అతను ఆ కాగితం అక్కడే వదిలేసి నూకరాజు ఇంటికి వెళ్ళాడు. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. నూకరాజు గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"తప్పు నాది," అన్నాడు సోమయాజులు. "నేను రాసింది అర్థం కాలేదు. చదువుకున్న నా భార్యకే అర్థం కాలేదు. దానయ్య తప్పేమీ లేదు. విచారణలో అలా రాసింది తప్పు, దాన్ని మార్పించాను. నీ చేతులకి వైద్యం ఎన్నాళ్ళయినా మేమే చేయిస్తాం."

పోలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఈ ముక్క ముందే సెప్పుంటే నా తమ్ముడు నాకు దూరమైపోయీవోడు కాదుగదా బాబూ."

నూకరాజు తన చేతుల వంక చూసుకున్నాడు. "నేను బతికినాను బాబూ. అది మీ సొక్కా వల్లే. మా దానిగాడితో కూడా ఓ మాట సెప్పండి. నా మాట ఆడు ఇనడు."

దానయ్య వలల షెడ్డులో దొరికాడు. సోమయాజులు చెప్పిందంతా తల వంచుకుని విన్నాడు. చివరికి, "రాత మీదే బాబూ. మీట ఏసిన సెయ్యి నాది గదా," అని మళ్ళీ వల అందుకున్నాడు.

వేసవి వేట నిషేధం ముగిశాక అతను ఒక పడవకు సరంగుగా వెళ్ళాడు. తిండి గడవాలి. అక్క ఇంటికి మాత్రం వెళ్ళలేదు.

మెహరున్నీసా ఆఖరి క్లాసు చెబుతున్న మధ్యాహ్నం రేడియో గది అమ్మాయి పరుగున వచ్చింది. "సార్, పడవ నుంచి పిలుపు. చొక్కాలో మనిషున్నాడు. దీపం ఆరడం లేదట!"

సోమయాజులు వెళ్ళి మైకు అందుకున్నాడు. గరగర మధ్య గొంతు వినిపించింది.

"వీర్రాజు అని కుర్రోడండి. తొడ నలిగిపోనాది. ఒడ్డు దగ్గరకొచ్చీసినాం. నీలం ఆపినాను. దీపం ఎలగతానే ఉంది."

ఆ గొంతు ఎవరిదో అతనికి తెలిసింది. "దానయ్యా?"

"నానే బాబూ. నానేటీ ముట్టుకోలేదు. అట్టలో పిలమన్నారు, పిలిసినాను. ఇంక నా వల్ల కాదు. ఇంకెవుడికైనా సెప్పండి, మీట ఆడు ఏత్తాడు."

సోమయాజులు బుర్రలో కారణాలన్నీ ఒక్కసారిగా తిరిగాయి. ఉప్పునీరు దిగి దీపం చెడి ఉండాలి, లేదా పట్టీలో మందు ఆపే కవాటం ఇరుక్కుని ఉండాలి. రెండోది అయితే మందు ఇంకా దిగుతూనే ఉంది. ఏది నిజమో ఇక్కడి నుంచి తెలియదు. ఎక్కువసేపు ఆగితే ఆ నిద్రే వీర్రాజును మింగేస్తుంది. "కవాటం అవరోధం వల్ల..." అంటూ నోరు తెరిచి, మూసుకున్నాడు. గుమ్మం దగ్గర మెహరున్నీసా నిలబడి ఉంది. పద్మావతి గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టింది.

మైకు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"దానయ్యా, పిలిచి మంచి పని చేశావు. నేను ఇక్కడే ఉన్నాను. ఒక్కొక్కటే చెప్తాను. వీర్రాజు మెడకి పట్టీ ఉంది. ఆ పట్టీ మెడ నుంచి తీసెయ్. ఏం చెయ్యాలో నాకు చెప్పు."

"మెడపట్టీ తీసీమంటన్నారు."

"అంతే. తియ్యి."

గాలి హోరు. ఎవరో అరుస్తున్నారు. "తీసీసినాను బాబూ."

"పట్టీ ఎక్కడుంది?"

"నా సేతిలో ఉంది."

సోమయాజులు కళ్ళు మూసుకున్నాడు. పట్టీ దానయ్య చేతిలో ఉంటే మందు వీర్రాజు ఒంట్లోకి దిగదు. దీపం వెలిగితే ఎంత, ఆరితే ఎంత. అప్పటికే ఒంట్లో ఎక్కువైన మందు విరిగి గుండె మేలుకుందో లేదో ఇక గోళ్ళ రంగే చెప్పాలి.

"దాన్ని పక్కన పడెయ్. మందు ఆగిపోయింది. ఇప్పుడు వీర్రాజు గోళ్ళు చూడు. ఏ రంగులో ఉన్నాయి?"

"నల్లగా... నీలంగా ఉన్నాయి."

"గోళ్ళు ఎర్రబడేదాకా ఏమీ చెయ్యొద్దు. ఏం చెయ్యాలో చెప్పు."

"గోళ్ళు ఎర్రబడీదాకా ఏటీ సెయ్యకూడదు. సూత్తా ఉండాల."

అందరూ ఎదురుచూశారు. సోమయాజులు మైకు వదల్లేదు. ఏదో ఒకటి మాట్లాడి ఆ నిశ్శబ్దాన్ని నింపాలని నాలుక పీకుతోంది. అవసరం లేని మాట ఒక్కటి వెళ్ళినా అవతల ఒక చెయ్యి తడబడుతుంది. బిగపట్టుకుని ఊరుకున్నాడు.

"ఎరుపు తిరగతన్నాయి బాబూ," అంది రేడియో. "బొటనేలు... అన్నీని."

"ఇప్పుడు ఎరుపు మీట వెయ్యి."

అవతల చప్పుడు లేదు.

"దానయ్యా. మందు నీ చేత్తోనే తీసేశావు. గోళ్ళు నీ కళ్ళతోనే చూశావు. ఎరుపు మీట వెయ్యి."

"ఎరుపు మీట," అన్నాడు దానయ్య. తర్వాత ఊపిరి వదిలిన శబ్దం. "ఏసినాను."

ఆ తర్వాతి సేపు ఎవరూ కూర్చోలేదు, ఎవరూ కదల్లేదు. రేడియోలో ఇంజను మోత, దూరంగా ఎవరో ఏదో దేవుణ్ణి తలుచుకుంటున్న గొణుగుడు. ఒక్కసారిగా కేక.

"కళ్ళు తెరిసినాడు! బాబూ, కళ్ళు తెరిసినాడు!"

"చేతులు చూడు. రెండు చేతుల వేళ్ళూ ఆడించమను."

"ఒరే వీర్రాజూ, యేళ్ళు ఆడించరా... ఆడతన్నాయి. ఇటీపూ ఆడతన్నాయి, అటీపూ ఆడతన్నాయి. నా సొక్కా పట్టుకుని లాగతన్నాడండి, ఒగ్గట్లేదు! ఒరే ఒగ్గరా, సిరిగిపోద్ది!"

రేడియో గది అమ్మాయి పకపకా నవ్వి, నవ్వుతూనే ఏడ్చేసింది. సోమయాజులు మైకు బల్ల మీద పెట్టాడు. చొక్కా వీపంతా చెమటతో అంటుకుపోయింది. కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపితే మెహరున్నీసా జరిపి ఇచ్చింది.

"ఎలా మాట్లాడానండీ?" అని అడిగాడు పరీక్ష రాసొచ్చిన కుర్రాడిలా.

"తక్కువ మాట్లాడారు," అందావిడ. కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకుంది.

పడవ రేవు చేరేసరికి ఎండ తగ్గింది. అంబులెన్సు సిద్ధంగా ఉంది. స్ట్రెచరు మీద వీర్రాజు చలికి వణుకుతూ, రెండు చేతులతో దుప్పటి మెడదాకా లాక్కుంటూ, తన చెప్పులు పడవలోనే ఉండిపోయాయని సణుగుతున్నాడు. డాక్టర్లు అతని అరచేతులు పట్టి చూసి తలూపారు. కాలు నయం కావడానికి చాలాకాలం పడుతుందని, చేతులకు మాత్రం ఏ ఢోకా లేదని చెప్పారు.

దానయ్య అందరి వెనక దిగాడు. సోమయాజులును చూసి నమస్కారం పెట్టబోయి, రేవు గట్టు మీద చతికిలబడిపోయాడు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని పెద్దగా ఊపిరి పీల్చుకుంటున్నాడు. సోమయాజులు వెళ్ళి ఆ తడిగట్టు మీదే అతని పక్కన కూర్చున్నాడు.

కబురు పేటంతా పాకినట్టుంది. జనాన్ని తప్పించుకుంటూ పోలమ్మ వచ్చింది. ఆమె వెనకే నూకరాజు, నెమ్మదిగా. దానయ్య తలెత్తి చూసి లేవబోయాడు. పోలమ్మ అతని భుజం మీద చెయ్యి వేసి అక్కడే ఆపింది. ఏవేవో చెప్పాలని వచ్చినట్టుంది. చివరికి కొంగుతో తమ్ముడి మొహం మీది ఉప్పునీళ్ళు తుడిచి, "ఇంటికి రారా," అంది. "కూడు సల్లారిపోతంది."

దానయ్య లేచి అక్క వెనకే నడిచాడు.